అల్లుడికి పని పేరు

కాటా బాబాయి చూపుకు తిరుగులేదని ఆ ఫుట్‌బాల్ క్లబ్బులో అందరి నమ్మకం. ఆయన నమ్మకమూ అదే. తన నోటితో తాను ఎప్పుడూ చెప్పుకోడు గానీ, ఎవరైనా పొగుడుతుంటే అడ్డు తగిలే అలవాటు కూడా లేదు.

మార్కెట్ వెనక సందులో త్రాసులూ కాటాలూ బాగుచేసే కొట్టు ఆయనది. కొట్టంతా పళ్లేలు, గొలుసులు, అరిగిపోయిన ముళ్లు, ఇత్తడి తూనికరాళ్లు. ఒకప్పుడు ఆ క్లబ్బు జట్టులోనే మిడ్‌ఫీల్డరుగా ఆడాడు. మోకాలు మొండికేశాక మైదానంలోంచి బయటికొచ్చాడు గానీ, గట్టు మీది బెంచీని మాత్రం వదల్లేదు. ఆ బెంచీ మీద ఆయన కూర్చునే చోట ఇంకెవరూ కూర్చోరు. కూర్చుంటే ఆయన ఏమీ అనడు, వచ్చి పక్కన నిలబడతాడు. అంతకంటే తిడితేనే నయం అనిపిస్తుంది.

ఆ క్లబ్బుకు ఒక ఆనవాయితీ ఉంది. దాన్ని పెట్టినవాళ్లంతా ఏదో ఒక చేతిపని చేసుకునేవాళ్లు. మిడ్‌ఫీల్డర్లలో రకాలకు ఆటవాళ్లు వాడే పేర్లు వాళ్లకు నోరు తిరగలేదు, నచ్చనూ లేదు. అందుకని పనుల పేర్లు పెట్టుకున్నారు. వెనక నిలబడి ఎదుటివాళ్ల కాళ్లలోంచి బంతి లాక్కునేవాడు కాపలాదారు. ఈ గోలు నుంచి ఆ గోలు దాకా అలుపు లేకుండా తిరిగేవాడు పోస్ట్‌మ్యాన్. ముక్కలుగా విడిపోయిన జట్టును పాసులతో కుట్టి ఒకటి చేసేవాడు దర్జీ. ఎవరి కంటా పడకుండా గోలు ముందుకు జారుకుని పని కానిచ్చేసేవాడు దొంగ. అది పనెలా అవుతుందని ఒకసారి పెద్ద గొడవే జరిగింది. "కష్టపడకుండా అవుతుందేంట్రా?" అని కాటా బాబాయి తీర్పిచ్చాక సద్దుమణిగింది.

కొత్తగా వచ్చిన మిడ్‌ఫీల్డరు ఆట చూసి ఆ పని పేరు పెట్టే బాధ్యత ఆయనదే. పేరు పడితే జట్టులో చోటు ఖాయం. పడకపోతే బూట్లు సర్దుకోవడమే.

ఆయన తూకం వేసే పద్ధతి కూడా వింతగానే ఉంటుంది. మ్యాచికి వచ్చేటప్పుడు చొక్కా ఎడమ జేబు నిండా చిన్న చిన్న తూనికరాళ్లు పోసుకొస్తాడు. తను చూస్తున్న ఆటగాడు బంతితో ఒక మంచి పని చేసినప్పుడల్లా ఒక రాయి కుడి జేబులోకి మారుతుంది. ఆట అయ్యాక లేచి నిలబడి, చొక్కా ఎటు వాలుతోందో చూసుకుంటాడు. దర్జీని చూసిన రోజు కుడి జేబు కుట్టు తెగిపోయింది. ఆ సంగతి దర్జీ ఇప్పటికీ చెప్పుకుంటాడు.

ఇన్నేళ్లూ ఈ పద్ధతి సాఫీగానే నడిచింది. ఇప్పుడు తూకానికి వచ్చినవాడు సొంత అల్లుడు కావడంతో కాటా బాబాయి తల ప్రాణం తోకకొచ్చింది.

అల్లుడు కిటికీలకు అద్దాలు బిగించే పనివాడు. నెమ్మదైన మనిషి. గట్టిగా మాట్లాడితే అద్దం పగులుతుందేమో అన్నట్టు మాట్లాడతాడు. కూతురి ఉద్యోగం ఇక్కడ కాబట్టి పెళ్లయ్యాక తన ఊరు, తన జట్టు వదిలేసి వచ్చాడు. పక్క వీధిలోనే కాపురం. వచ్చీ రాగానే బూట్లు పట్టుకుని క్లబ్బుకు వెళ్లాడు. కోచ్ ఆడించి చూసి, "ఎక్కడైనా నిలబడగలడు, బాబాయ్. కానీ ఏమాడతాడో నాకు అంతుచిక్కడం లేదు. పేరు మీరే పెట్టండి. మీరు పెట్టలేకపోతే పక్క ఊరి నుంచి ఒక కుర్ర పోస్ట్‌మ్యాన్ వస్తానంటున్నాడు, ఆ చోటు అతనికిచ్చేస్తా," అన్నాడు.

కాటా బాబాయి వెళ్లి చూశాడు. చూస్తున్నకొద్దీ నీరుగారిపోయాడు. అల్లుడు పరుగెత్తడు. ఇంటికి తాళం వేశానో లేదో అని అనుమానం వచ్చినవాడిలా మాటిమాటికీ భుజం మీదుగా వెనక్కి చూస్తాడు. చేత్తో అటూ ఇటూ చూపిస్తాడు. రెండడుగులు ఇటు వేస్తాడు, ఒక అడుగు అటు వేస్తాడు. బంతి వచ్చిందా, వేడి గిన్నె పట్టుకున్నట్టు వెంటనే పక్కవాడికి ఇచ్చేస్తాడు. ఒక ఒడుపైన మలుపు లేదు, పొడుగాటి పాస్ లేదు, గోలు వైపు గట్టిగా ఒక్క తన్ను లేదు. ఆట అయ్యేసరికి కుడి జేబు చదునుగానే ఉంది. జట్టు గెలిచింది గానీ దానికీ అల్లుడికీ సంబంధమేమిటో ఆయనకు అర్థం కాలేదు.

మళ్లీ చూశాడు. మళ్లీ అంతే.

ఆ సాయంత్రం కూతురు పుట్టింటికొచ్చి, వంటింటి గుమ్మంలో నిలబడి అడిగింది. "ఏం నాన్నా, ఎలా ఆడారు ఆయన?"

"ఆడాడా?" అన్నాడు కాటా బాబాయి. అనేశాక నాలిక కరుచుకున్నాడు.

కూతురి ముఖం మాడిపోయింది. "జట్టు గెలుస్తోంది కదా?"

"గెలిపించింది దర్జీ అమ్మా. పోస్ట్‌మ్యాన్ ఊపిరాడకుండా తిరిగాడు. మీ ఆయన ఏం చేశాడో నా జేబుకి తెలియాలిగా?"

"జేబుకి కళ్లుంటాయా ఏంటండీ?" అంది ఆయన భార్య, స్టవ్ దగ్గర్నుంచి వెనక్కి తిరగకుండానే.

"నీకేం తెలుసు, నువ్వూరుకో."

కూతురు గొంతు తగ్గించింది. "నాన్నా, ఈయన బయటికి చెప్పరు గానీ, ఇక్కడ చోటు దొరక్కపోతే బూట్లు అటకెక్కించేస్తానంటున్నారు. వాళ్ల ఊళ్లో ఉంటే ఇప్పటికీ ఆడుతూనే ఉండేవారు. నాకోసం వచ్చారు. అలాగని లేని పేరు పెట్టమనడం లేదు. ఇంకొక్కసారి సరిగ్గా చూడండి, చాలు."

కాటా బాబాయి గుండెల్లో రాయి పడింది. లేని బరువు ఉందని చెబితే ఊరంతా అల్లుడికి తూకం కలిపాడంటుంది. ఉన్నది ఉన్నట్టు చెబితే కూతురి ఇంట్లో నవ్వు పోతుంది. రెండింటిలో ఏది ఎక్కువ బాధో తేల్చుకోలేక ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. పేరు పెట్టే రోజు సోమవారం. దానికి ముందు ఆదివారం మధ్యాహ్నం ఒక స్నేహపూర్వక మ్యాచ్ ఉంది, రొట్టెల ఫ్యాక్టరీ వాళ్లతో. వాళ్లు ఎవరితో ఆడినా ఓడిపోతారు, ఓడిపోయి అందరికీ బన్నులు పంచి వెళతారు. ఆ రోజైనా అల్లుడు నాలుగు రాళ్లు మారిస్తే ఏదో ఒక పేరుకు తూగుతాడని ఆశపడ్డాడు.

ఆ ఆశ మీద శనివారమే నీళ్లు చల్లేసింది భార్య. వేరే ఊళ్లో ఉండే ఆమె చెల్లెలి ఇంట్లో గాలికి పెద్ద కిటికీ అద్దం బద్దలైంది. ఇంట్లో పసిబిడ్డ. వర్షమొచ్చేలా ఉంది.

"అల్లుణ్ణి తీసుకెళ్తున్నా. అద్దం బిగించి సోమవారం మధ్యాహ్నానికి వచ్చేస్తాం," అంది సంచీ సర్దుతూ.

"రేపు మ్యాచ్ ఉందే!"

"ఉంటే ఏం? కోచ్‌ని అడిగాడట. రొట్టెల వాళ్లతోనే కదా, వెళ్లి రమ్మన్నాడట."

గుమ్మం దగ్గర అల్లుడు అద్దం కొలతలు రాసిన చీటీ పట్టుకుని నిలబడ్డాడు. "పసిబిడ్డ ఉంది కదా మామయ్యగారూ," అన్నాడు మెల్లిగా.

"వెళ్లిరా బాబూ," అన్నాడు కాటా బాబాయి. లోపల మాత్రం, పేరు పడాల్సిన వారంలో మ్యాచ్ ఎగ్గొట్టే మనిషికి ఆటంటే లెక్కుందా అని చిర్రెత్తింది.

ఆదివారం తెల్లారింది. ఆ ఇంట్లో కాటా బాబాయి, ఆయన తల్లి, మేడమీద ఉండే తమ్ముడూ మరదలూ మిగిలారు. వంట మాత్రం ఒకటే. అందరూ పనిమంతులే, ఎవరి పని వాళ్లకు కొట్టిన పిండి. పొద్దున్నే పాలు పొంగి స్టవ్ మీద పడ్డాయి. తమ్ముడు ఉతికిన చొక్కా కోసం ఇల్లంతా కలియదిరిగి, ఆఖరికి తడిదే తొడుక్కుని డ్యూటీకి పోయాడు. మరదలి చేతివంటంటే చుట్టాలందరిలో పేరు. ఆ రోజు కూర అడుగంటింది. "ఎప్పుడూ ఇలా కాలేదు బావగారూ, నేను మామూలుగానే చేశాను," అని ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. కాటా బాబాయికి కళ్లజోడు దొరకలేదు. పాత జోడు పెట్టుకుని, మాడిన కూర తిని, ఎందుకో అందరి మీదా కోపంతో మైదానానికి బయలుదేరాడు.

అల్లుడు లేడు గనక ఈసారి ఎవరి కోసమూ ప్రత్యేకంగా చూడనక్కర్లేదు. కాలక్షేపానికి దర్జీని చూద్దామని జేబులో రాళ్లు పోసుకున్నాడు.

రాళ్లు కదల్లేదు. దర్జీ బంతి అందుకుని తిరిగేసరికి ఎదురుగా రొట్టెల వాడు, పక్కన రొట్టెల వాడు. పాస్ వేస్తే అది ఎవరూ లేని చోటికి పోయింది. పోస్ట్‌మ్యాన్ ముందుకు పరుగెత్తితే వెనక ఖాళీ పడింది. అది చూసి వెనక్కి పరుగెత్తితే ముందు ఖాళీ పడింది. కాసేపటికి నాలుక బయటపెట్టి నడుము మీద చేతులేసుకుని నిలబడిపోయాడు. డిఫెండర్లు ఒకరినొకరు తిట్టుకున్నారు. హాఫ్‌టైముకే రొట్టెల వాళ్లు ఒక గోలు కొట్టేశారు. కొట్టాక ఏం చేయాలో తెలియక కాసేపు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. తర్వాత ఇంకొకటి కొట్టారు. ఆ రోజు గెలిచిన ఆనందంలో బన్నులు పంచడం కూడా మరిచిపోయారు.

ఆట అయ్యాక దర్జీ వచ్చి బెంచీ పక్కన గడ్డిలో కూలబడ్డాడు.

"ఏమైందిరా ఇవాళ? చేతులు వణికాయా?" అన్నాడు కాటా బాబాయి.

"నాకేం కాలేదు బాబాయ్. నేను మామూలుగానే ఆడాను. కానీ ఈ మధ్య రోజూ బంతి తీసుకుని తిరిగేసరికి ముందు చోటుండేది. ఇవాళ లేదు."

"చోటెవరిస్తారు నీకు?"

దర్జీ బూటు లేసు విప్పుతూ ఆలోచించాడు. "ఎవరూ ఇవ్వరు బాబాయ్. ఉండేది."

అదేం సమాధానమని విసుక్కుంటూ కాటా బాబాయి ఇంటికొచ్చాడు. ముందుగదిలో తల్లి మంచం మీద కూర్చుని, అరచేతిలో మందుబిళ్ల పట్టుకుని అలిగి ఉంది.

"బిళ్ల వేసుకోలేదేంటమ్మా?"

"నీళ్లేవిరా?" అంది తల్లి స్టూలు వైపు చూపిస్తూ. స్టూలు ఖాళీగా ఉంది. "పొద్దున్నుంచీ చూస్తున్నా, నీళ్లు లేవు."

"అడగొచ్చు కదా! రోజూ ఎవరు పెడతారు?"

"ఎవరు పెడతారేంటి?" అంది తల్లి, ఇదేం ప్రశ్న అన్నట్టు. "ఎవరూ పెట్టరు. ఉంటాయి."

కాటా బాబాయి చెంబు కోసం వంటింట్లోకి అడుగుపెట్టి, అక్కడే ఆగిపోయాడు. గడ్డిలో కూలబడిన దర్జీ అన్నమాట, మంచం మీద కూర్చున్న తల్లి అన్నమాట ఒకటే. మాటలు అటూ ఇటైనా అర్థంలో తేడా లేదు.

నీళ్లు ఉంటాయి. చొక్కా ఉంటుంది. పాలు పొంగే వేళకు స్టవ్ తగ్గి ఉంటుంది. మరదలు కూర కలుపుతూ ఇటు తిరిగేసరికి గిన్నె చేతికందేలా ఉంటుంది. కళ్లజోడు పేపరు మీద ఉంటుంది. ఇన్నేళ్లుగా ఉన్నాయి గనక, అవి వాటంతట అవే ఉన్నాయనుకున్నాడు ఆయన. పెద్ద తూకాలాయన. ఆ క్షణంలో ఆయనకు సిగ్గేసింది. ఆ వెంటనే, ఎందుకో తెలియకుండానే, ఫక్కున నవ్వొచ్చింది. నీళ్లు తెమ్మంటే వంటింట్లో నవ్వుతున్న కొడుకుని చూసి తల్లి బిళ్ల మంచం మీద పెట్టేసి, "వీడికీ ఏదో మందు వేయాలి," అంది.

అల్లుడి ఆటంతా కళ్లముందు మళ్లీ తిరిగింది, ఈసారి బంతిని పక్కనబెట్టి. మాటిమాటికీ వెనక్కి చూసింది తాళం సంగతి గుర్తొచ్చి కాదు, ఎవడు ఖాళీగా ఉన్నాడో, ఎవడు జారుకుంటున్నాడో చూసుకోవడానికి. పోస్ట్‌మ్యాన్ ముందుకు పోయినప్పుడల్లా వేసిన ఆ రెండడుగులు పోస్ట్‌మ్యాన్ వదిలిన చోటులోకే. ఎదుటివాడు బంతి వేద్దామనుకున్న దారిలో ముందే వెళ్లి నిలబడేవాడు. వాడు అది మానుకుని ఇంకెటో వేసుకునేవాడు. జరగని పాసుకు జేబులో రాయెలా మారుతుంది?

సోమవారం సాయంత్రం క్లబ్బు గది కిక్కిరిసింది. గోడలకు పాత ఫోటోలు, మూలన గాలి దిగిన బంతులు, మధ్యలో ఒక పొడుగు బల్ల. బల్ల చివర అల్లుడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మధ్యాహ్నమే ఊరి నుంచి వచ్చాడు, చేతివేలికి అద్దం గీరుకున్న చోట పట్టీ ఉంది. గుమ్మం బయట కాటా బాబాయి భార్యా కూతురూ నిలబడి ఉన్నారు. లోపలికి రమ్మంటే, "మాకెందుకు లెండి," అన్నారు గానీ, చెవులు రెండూ లోపలే ఉన్నాయి.

కోచ్ గొంతు సవరించుకున్నాడు. "బాబాయ్, మీ అల్లుడని మొహమాటపడొద్దు. ఉన్నది చెప్పండి."

కాటా బాబాయి లేచి, రెండు జేబుల్లోని తూనికరాళ్లూ తీసి బల్ల మీద పోశాడు. "ముందు ఇవి మీరు ఉంచుకోండి. ఇవి బంతినే తూస్తాయని నాకు ఇన్నాళ్లూ తెలీలేదు. నిన్న మనం రొట్టెల వాళ్లతో ఓడిపోయాం. ఎందుకు ఓడామో ఎవడైనా చెప్పండి."

ఆ సంగతి ఎత్తడమే ఎవరికీ ఇష్టం లేదు.

"దర్జీ కుట్టలేకపోయాడు, పోస్ట్‌మ్యాన్ తిరగలేకపోయాడు. ఇద్దరూ మామూలుగానే ఆడామంటున్నారు, నిజమే చెబుతున్నారు. వీడొచ్చాక వీడి ఆసరాకి అలవాటుపడ్డారు, నిన్న వీడు లేడు, అంతే. వీడు బంతి లాక్కోడు, అది రావాల్సిన దారి మూసేస్తాడు. పెద్ద పాస్ వేయడు, పెద్ద పాస్ వేసేవాడి చుట్టూ చోటు చేసి పెడతాడు. ఎవడు చోటు వదిలి పోయినా అక్కడుంటాడు. వాడు తిరిగొచ్చేసరికి తప్పుకుంటాడు. పరుగెత్తడెందుకంటే, ఆలస్యమైనవాడే కదా పరుగెత్తేది? వీడు కాపలాదారు కాదు, పోస్ట్‌మ్యాన్ కాదు, దర్జీ కాదు. దొంగయితే మా అమ్మాయిని ఇచ్చేవాణ్ణి కాదు."

గదిలో నవ్వులు లేచాయి. అల్లుడు మాత్రం నవ్వలేదు, తల వంచుకుని నేల చూస్తున్నాడు. నాలుగు పేర్లూ కాదంటే ఇంకేం మిగల్లేదని అతనికి అర్థమైపోయింది.

"మరి ఏ పేరు, బాబాయ్?" అన్నాడు కోచ్.

"పెద్దకోడలు," అన్నాడు కాటా బాబాయి.

గది కప్పు ఎగిరిపోయేలా అందరూ నవ్వారు. పోస్ట్‌మ్యాన్ బల్ల మీద చరిచాడు, తూనికరాళ్లు ఎగిరిపడ్డాయి. అల్లుడి చెవులు ఎర్రబడ్డాయి.

"బాబాయ్, మనది పని పేర్ల క్లబ్బు," అన్నాడు కోచ్ కళ్లు తుడుచుకుంటూ. "ఇది వరస కదా?"

"అది పని కాదన్నవాణ్ణి ఒక్క ఆదివారం మా ఇంట్లో నిలబడమను, సోమవారం వచ్చి చెప్పమను."

నవ్వు మెల్లిగా తగ్గింది. తలా ఒక ఇంటి నుంచి వచ్చినవాళ్లే, తలా ఒక ఇల్లు గుర్తొచ్చినట్టుంది. అందరికంటే ముందు దర్జీ లేచాడు. అల్లుడి భుజం మీద చెయ్యేసి, "నా చోటు నువ్వా చేసి పెట్టేది?" అన్నాడు. కోచ్ పలక మీద పదకొండు మందిలో అల్లుడి చోట ఆ పేరు రాశాడు. రాసిన పేరును చూసి అల్లుడు ముఖమంతా నవ్వాడు. అతనికి అంత నవ్వుంటుందని కాటా బాబాయికి అప్పటిదాకా తెలియదు.

గుమ్మం బయట కూతురు తండ్రి చెయ్యి గట్టిగా పట్టుకుంది. భార్య చెంగుతో ముక్కు తుడుచుకుంది. ఆ ఇంటికి పెద్దకోడలు ఆవిడే.

"అయితే ఇన్నాళ్లకి నాకూ జట్టులో చోటిచ్చారన్నమాట," అంది.

"నీ చోటు ఎప్పుడూ ఉంది," అన్నాడు కాటా బాబాయి. "నాకే కనపడలేదు."

"పాత జోడు పెట్టుకుని తిరిగితే ఏం కనబడుతుంది? కొత్తది రేడియో పక్కన చూసుకోవాల్సింది."

మర్నాడు కాటా బాబాయి అందరికంటే ముందు లేచాడు. చప్పుడు కాకుండా గ్లాసు కడిగి, నీళ్లు నింపి, తల్లి మంచం పక్కన స్టూలు మీద పెట్టాడు. పెట్టి, పేపరు చదువుతున్నట్టు నటిస్తూ కుర్చీలో కూర్చున్నాడు. తల్లి లేచింది. చెయ్యి చాపితే గ్లాసు అందింది. బిళ్ల వేసుకుని, నీళ్లు తాగి, గ్లాసు స్టూలు మీద పెట్టి, మళ్లీ పడుకుంది.

కాటా బాబాయి పేపరు దించాడు. "అమ్మా, నీళ్లు..."

"ఉన్నాయిరా," అంది తల్లి అటు తిరిగి.

వంటింటి గుమ్మంలో నిలబడి అంతా చూస్తున్న భార్య నవ్వు ఆపుకోలేకపోయింది. "అలవాటు చేసుకోండి," అని పాలు పొంగకముందే స్టవ్ తగ్గించడానికి లోపలికి వెళ్లింది.